అడుగు రాశి కొలువద్దు

ప్రతి ఆదివారం పొద్దున మా అమ్మ నన్ను వాకిట్లో ఎండకెదురుగా కూర్చోబెట్టి నోరు తెరవమంటుంది. నాకు ఇరవై నాలుగేళ్లు. బడిలో నలభై మంది పిల్లలకు ఎక్కాలు చెప్పే పంతుల్ని. అయినా తెరుస్తాను. ఆమె నా గడ్డం పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, అంగట్లో కోడెదూడ పళ్లు చూసినట్టు చూస్తుంది. దారిన పోయేవాళ్లు ఊరుకోరు. "ఎంతకిస్తవు వదినా?" అని ఒకరంటే, "పని జేస్తదా, ఉత్తగ తింటదా?" అని ఇంకొకరు. రెండింటికీ నా దగ్గర మంచి జవాబులున్నాయి. కానీ నోరు తెరుచుకుని కూర్చున్నవాడు మాట్లాడలేడు.

ఈ తనిఖీ పెట్టించింది మా మేనమామ. ఆయన పోయి రెండేళ్లు దాటింది. బతికున్నప్పుడు మా ఇంట్లో నా రొట్టె మీద పెత్తనం చేశాడు, పోయాక నా ఆదివారాల మీద చేస్తున్నాడు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. ఆ మంచిని చూసినప్పుడల్లా నాకు కడుపు మండేదన్న సంగతి కూడా రాస్తాను. లేకపోతే లెక్క కుదరదు.

ఆయన పని గింజలు కొలవడం. కేతేపల్లి చుట్టుపక్కల ఏ కల్లంలో రాశి పడినా ముందు ఆయనకే కబురు పోయేది. వచ్చి రాశి పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఎడమ బుగ్గలో పొగాకు కాడ ఎప్పుడూ ఉండేది. కుడివైపు పళ్ల మధ్య ఒక గింజ పెట్టి కటుక్కున కొరికి, దాన్ని నాలుక మీద ఒకసారి దొర్లించి, "ఇంకొక్క ఎండ గావాలె" అనో, "ఇగ పట్టుండ్రి" అనో చెప్పేవాడు. పచ్చి గింజ కొలిస్తే ఎండినాక తరుగు పోతుంది. ఆ తరుగు ఎవరి నెత్తిన పడాలన్నది ఆ నాలుక మీద తేలేది. దొర గుమాస్తా కూడా ఆ నాలుకకు ఎదురు చెప్పేవాడు కాదు.

తర్వాత కుంచం చేతికి తీసుకునేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనడు, లాభం అంటాడు. కొలిచేవాళ్లందరూ అట్లాగే అంటారు, కానీ ఆయన అంటే నిజంగానే ఏదో వచ్చినట్టుండేది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి. ఏడు అనడు. కల్లంలో ఏడుపు మాట రాకూడదు. చివరికి నేల కనిపించకముందే, రెండు మూడు కుంచాల గింజ ఇంకా మిగిలి ఉండగానే, కుంచం బోర్లించి లేచేవాడు. ఆ మిగిలిందే అడుగు రాశి. అది పంట పండించినవాడిదీ కాదు, దొరదీ కాదు. చెరువు తూము చూసే నీరటిలాంటి ఊరి పనివాళ్లది. దొర మనుషులు ఇంకా ఉంది కొలవమని అడిగితే, "అడుగు రాశి కొలువద్దు. కొలిస్తే మల్లొచ్చే ఏడు రాశి పడది" అనేవాడు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. దొర మాత్రం నమ్మాడు.

ఆయన భార్య ఎప్పుడో గత్తర వాంతులతో పోయింది. పిల్లలు లేరు. రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. అమ్మ మొదటి రొట్టె వేయగానే "లాభం" అనేవాడు. పెనం ముందు కూర్చున్న మా అమ్మ మొహం అప్పుడు చూడాలి. ఒకసారి నేనూ అన్నాను. "నీకేం లాభం, తిను" అంది. పెరుగు మీది మీగడ ఆయనకు, అడుగుది నాకు. అదేమని అడిగితే నా పళ్లు గట్టివంది. పెరుగుకు పళ్లెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

వరుసతో నిమిత్తం లేకుండా ఊరంతా ఆయన్ను మామ అనేది. నాకు హక్కుగా ఉన్నది ఒక్క మేనమామ, ఆయన్ను కూడా ఉమ్మడి చేశారు. అదీ సహించేవాణ్నే. కానీ నల్లగొండలో మెట్రిక్ చదివొచ్చిన నాకు ఊళ్లో ఒకే ఒక్క పేరుండేది: ఎవరైనా గుండెలు బాదుకుంటుంటే పక్కన నిలబడి ఒక్క మాటతో గాలి తీసేస్తానని. ఆ పేరు కూడా ఆయన ఉంచలేదు.

సంఘం వచ్చి దొర పట్నం పారిపోయిన ఏడు ఆయన కోటలాంటి గడి లోపలి పాతరలు తవ్వారు. నిండా జొన్నలు. ఊరంతా గంపలు పట్టుకుని వచ్చింది. ఒకాయన గట్టెక్కి ఇది చరిత్ర అని మొదలుపెట్టాడు. చరిత్ర అయ్యేలోపు జొన్నలు అయిపోతాయని అందరూ తోసుకుంటుంటే, మామ కుంచం పట్టుకుని గుంత ఒడ్డున కూర్చున్నాడు. ఇంటికి ఇన్ని కుంచాలని సంఘం వాళ్లు చెప్పారు. ఆయన ప్రతి ఇంటికీ మళ్లీ లాభం దగ్గరి నుంచే మొదలుపెట్టాడు. రెండో ఇంటివాడు పదకొండు నుంచి మొదలవడం ఆయనకు ఇష్టం లేదు. నేను పక్కన నిలబడి, "మామా, అందరికీ లాభమైతే మరి నష్టం ఎవలకు?" అన్నాను. నా జన్మలో వేసిన మంచి జోకుల్లో అదొకటి. ఆయన తలెత్తకుండా, "పాతరకు అల్లుడా" అన్నాడు. ఊరు నవ్వింది. ఆయన జవాబుకు నవ్వింది.

ఆ ఏడే నీరటికి దొర బంజరులో రెండెకరాలు వచ్చింది. పట్టా ఏమీ లేదు, కర్రతో నేల మీద గీసిన గీత. కల్లాల దగ్గర అడుగు రాశి ఊడ్చుకునే మనిషి, మొదటిసారి తన రాశి తాను పోయబోతున్నాడు. "నువ్వే కొలువాలె మామా" అని అప్పుడే మాట తీసుకున్నాడు.

తర్వాత పోలీసు చర్య జరిగింది. మిలిటరీ వచ్చింది, మిలిటరీ వెనక దొర గుమాస్తా వచ్చాడు. చావడి ముందు నిలబెట్టి జొన్నలు పంచింది ఎవడని అడిగాడు. ఎవరు పంచారో తనకు తెలియదనీ, తాను కొలిచాననీ మామ చెప్పాడు. "పోయినేడు నువ్వు కొలువుమన్నవు, కొలిచిన. గీయేడు వాళ్లు కొలువుమన్నరు, కొలిచిన. తప్పు కొలిచినట్టుంటే చెప్పు." గుమాస్తా కొట్టాడు. కుడిచెంప మీద ఒక్కటే దెబ్బ.

రెండు నెలలకు ఎడమ బుగ్గలోపల పుండు బయటపడింది. దెబ్బ కుడివైపు, పుండు ఎడమవైపు. మా ఊరికి అది అడ్డం కాలేదు. గుమాస్తా దెబ్బకు పుండు లేచిందని, పేదోళ్ల జొన్నల కోసం మామ బుగ్గ ఇచ్చాడని చెప్పుకోవడం మొదలైంది. నేను ఇంటింటికీ తిరిగి కుడి ఎడమలు చూపించలేను కదా. ఆ పని ఆయనే చేశాడు. ముప్పై ఏళ్ల పొగాకుకు రావలసిన పేరు గుమాస్తాకు ఎందుకు ఇస్తారని అడిగాడు. దాంతో ఆయన ఇంకా గొప్పవాడైపోయాడు.

నకిరేకల్ దవాఖానలో కంపౌండరు చూసి రాచపుండు అన్నాడు. ఇంటికొచ్చి పదిమంది మధ్య మంచం మీద కూర్చుని మామ అన్న మాట ఇది: "రాజు దిగిపోయిండంటే ఎటు వోయిండో అనుకున్న. నా బుగ్గల దిగిండు." ఏడవడానికి వచ్చినవాళ్లు పొట్ట పట్టుకున్నారు. ఆ మాట సూర్యాపేట దాకా పోయింది. అది న్యాయంగా నాది కావలసిన జోకు. రాజు దిగిన సంగతీ నాకు తెలుసు, ఆ రోగం పేరూ తెలుసు. నా దగ్గర లేనిది పుండొక్కటే.

పట్నంలోని పెద్ద దవాఖానకు పోవాలన్నారు. మిలిటరీ క్యాంపు హాజరు పట్టీలో మామ పేరుంది కాబట్టి ఊరు దాటాలంటే చిట్టీ కావాలి. ఉర్దూలో అర్జీ నేను రాశాను. ఉర్దూ వచ్చినందుకు నన్నే వెంట పంపారు.

డాక్టర్ సాబ్ పెద్దవయసు మనిషి. నోట్లో దీపం వేసి చూసి, తొందరలేకుండా చెప్పాడు. నేను తెలుగు చేశాను. కరెంటు పెట్టాలి. ముప్పై సార్లు, రోజుకొకటి. అంతకుముందు ఎడమవైపు పళ్లు పీకాలి. కరెంటు పడ్డ చోట నోరు కాలినట్టవుతుంది, ఉమ్మి ఎండిపోతుంది, రుచి పోతుంది. కొందరికి మళ్లీ వస్తుంది, కొందరికి రాదు. పెట్టకపోతే వానలు పడేదాకా. పెడితే ఏడాది రావచ్చు, రెండు రావచ్చు, ఏమీ రాకపోనూ వచ్చు. ఇంగ్లీషువాళ్ల సీమలో నెత్తురులోకి ఎక్కించే మందేదో చూస్తున్నారట, ఇక్కడికి ఇంకా రాలేదు.

"అది వచ్చినంక చెప్పుమను. కొరికి చూసి తీసుకుంట" అన్నాడు మామ. అది ఉర్దూలోకి తిప్పాను. డాక్టరు నవ్వాడు. ఆయన జోకును మోసుకుపోయే కూలీ నేను.

పళ్లు పీకడం అయ్యాక కరెంటు. దాని యంత్రం గదంత ఉంది. బుగ్గ మీద నీలం సిరాతో గీత గీసి, మనిషిని పడుకోబెట్టి, గొట్టం దించి, తలుపేసి అందరూ బయటికి వస్తారు. మొదటి రోజు బయటికొచ్చిన మామ, అంత మంచిదైతే వాళ్లంతా ఎందుకు ఉరుకుతున్నారని అడిగాడు. తర్వాత వేలు మడిచి "లాభం" అన్నాడు. వారం తిరిగేసరికి బయట బల్ల మీద కూర్చునే రోగులందరికీ ఆ అలవాటైంది. కొత్తగా ఎవరు మొదటిసారి లోపలికి పోయొచ్చినా బల్లంతా కలిసి లాభం అనేది. తెలుగు రాని ఒక ముసలాయన కూడా అన్నాడు. నేను ఆ బల్ల చివర రోజూ కూర్చున్నాను. నన్నెవరూ పేరడగలేదు.

పది దాటేసరికి పుండు సగానికి తగ్గింది. అది నిజం. పోటు కూడా తగ్గింది. కానీ బుగ్గ నల్లబడింది, నోరంతా పొక్కింది. జావ ఇస్తే గొంతు దాకా పోయి ఆగేది. బెల్లం ముక్క పెడితే మట్టిగడ్డ అన్నాడు. జేబులో గుప్పెడు జొన్న గింజలు తెచ్చుకున్నాడు. రోజూ ఒకటి కొరికి నాలుక మీద దొర్లించేవాడు. పద్నాలుగో రోజు దొర్లించి, ఉమ్మేసి, "అల్లుడా, ఇది గింజనా రాయా?" అని అడిగాడు. జోకేమో అనుకుని కాసేపు ఆగాను. కాదు.

ఆ సాయంత్రమే అమ్మ బస్సు దిగింది. అన్నను చూసింది. ఏడవలేదు. ఇంకా ఎన్ని ఉన్నాయని నన్నడిగింది. పదహారు అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని లెక్క వేసింది.

"ఎనిమిది మీ మామ వోతడు. ఎనిమిది నువ్వు వో."

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. దొర గడికి వెట్టి వంతు వచ్చినప్పుడు మామకు జ్వరముంటే ఆయన బావ, మా బాపు, పోలేదా? బాపు ఊళ్లో లేనప్పుడు మామ పోలేదా? ఇంటికొక మనిషి అంటారు కానీ ఫలానా మనిషే రావాలని దొర కూడా అనలేదు. దొరకు లేని పట్టింపు డాక్టరుకెందుకు?

"అమ్మా, కరెంటు మామ బుగ్గకు పడాలె. నా బుగ్గకు పడితే ఏమొస్తది?"

"నువ్వు ఆయన మేనల్లునివి. నెత్తురు ఒకటే గద. పడుసోనివి, నీకు అరుగుతది."

నేను మెట్రిక్ పాసైనవాణ్ని. వెలుతురు నేరుగా పోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అంతలో ఆమె, "భయమైతే ఉండు. నేనే వోత" అంది.

ఆ మాటతో పని అయిపోయింది. నేను పోకపోతే జన్మంతా అన్న కోసం మా అమ్మ పోయిందన్న కథ నడుస్తుంది, అందులో నేను బల్ల చివర కూర్చుని ఉంటాను. మామ పక్కనే పడుకుని అంతా విన్నాడు. అడ్డం చెప్పలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని అప్పుడు అనుకున్నాను.

పొద్దున అమ్మ నా కలం సిరాలో చీపురు పుల్ల ముంచి నా ఎడమ బుగ్గ మీద గీత గీసింది. అన్న బుగ్గ చూసుకుంటూ, అచ్చం అట్లాగే, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని జాగ్రత్తగా గీసింది. ఆమె నా మొహాన్ని అంతసేపు అంత దగ్గరగా చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. మామ తువ్వాల తలకు చుట్టింది. ఆయన వంతు పిలిచినప్పుడు నేను లేచాను. బల్ల మీది వాళ్లు నోళ్లు తెరిచారు.

లోపల కంపౌండరు గొట్టం సర్దుతూ నా వైపు చూడకుండా నోరు తెరవమన్నాడు. తెరిచాను. దీపం వేశాడు. దాన్ని ఇంకా దగ్గరికి తెచ్చాడు.

"పళ్లన్నీ ఉన్నయి" అన్నాడు. "రాత్రికి రాత్రే మొలిచినయా?"

పదిహేనో కరెంటు అట్లా ఆగిపోయింది. డాక్టర్ సాబ్ వచ్చాడు. నా చదువెంతని అడిగి తెలుసుకుని, ఇంకేమీ అడగలేదు. నన్ను అంత బాగా ఎవరూ తిట్టలేదు. తర్వాత బయటికొచ్చి బల్ల మీద మామ పక్కన కూర్చున్నాడు. అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. బుగ్గ మీద గీతతో నేను మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేశాను.

"సాబ్, ముప్పై పూర్తయితే మీరిచ్చే రాశి ఎంత?" అన్నాడు మామ. మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

ఏడాది చెప్పవచ్చు, అన్నాడు డాక్టరు.

"దాంట్ల తరుగెంత?"

తరుగుకు నాకు ఉర్దూ మాట దొరకలేదు. కొలిచినదాంట్లో ఎండిపోయేది ఎంతని అడుగుతున్నాడని చెప్పాను. డాక్టరు ఆలోచించి, నోటి మంటకు రెండు మూడు నెలలు తీసెయ్యమన్నాడు.

"తాలెంత?"

అదేమిటని డాక్టరు నన్ను చూశాడు. తాలంటే నాకు తెలుసు, లోపల పప్పు లేని ఉత్త పొట్టు గింజ. ఇక్కడ అది ఏమిటో తెలియలేదు. మామే చెప్పాడు. "పైకి దినం లెక్కనే ఉంటది సాబ్. ఒలిస్తే లోపలేం ఉండది. అసోంటివి ఎన్ని?"

అది తాను కొలవలేనన్నాడు డాక్టరు. ఈ బల్ల మీద నుంచి లేచిపోయి మళ్లీ రొట్టె తిన్నవాళ్లను చూశాననీ, తిననివాళ్లనూ చూశాననీ, పుండు తగ్గుతున్నది కాబట్టి తననడిగితే పూర్తి చేయమనే చెబుతాననీ అన్నాడు.

నేను దాన్ని తెలుగు చేయడం అయిపోకముందే అమ్మ ముందుకొచ్చింది.

"తాలైనా సరే అన్నా. ఇంట్ల ఉండనీ."

మామ ఆమె వైపు చూశాడు. ఆ చూపు నాకు పడలేదు, ఇప్పుడు తలుచుకున్నా పడదు. అన్నాచెల్లెళ్ల మధ్య అంత జాగా ఉందనీ, అందులో నాకు చోటు లేదనీ తెలియడానికి అదొక్కటే చాలు. ఆయన ఇంకా ఏదైనా జోకేస్తాడని చూశాను. వేయలేదు.

"నీరటి జొన్న కోసిండు చెల్లె. గుమాస్తా గుంజుకోను ఎప్పుడొస్తడో తెల్వదు. నాలుక్కు జర పాణమున్నప్పుడే నేను వోవాలె." తర్వాత డాక్టరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "పద్నాలుగు కొలిచిండ్రు సాబ్. మంచిగ కొలిచిండ్రు. అడుగు రాశి కొలువద్దు, నాకిడిసిపెట్టుండ్రి."

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, మనసు మారితే వారంలోపు రమ్మన్నాడు.

బస్సులో నకిరేకల్ దాకా అమ్మ ఆయనతో మాట్లాడలేదు. కోపం. మాట్లాడాల్సిందంతా నాతోనే మాట్లాడింది. బడి సంగతి, బర్రె సంగతి, నాకు చూస్తున్న పిల్ల సంగతి. తెచ్చుకున్న అటుకులు నాకే పెట్టింది. పక్కసీట్లో ఒక మనిషి తన చావు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు, నేను అటుకులు తింటూ సంతోషంగా ఉన్నాను. సిగ్గుగానే ఉంది, కానీ అంత మంచి ప్రయాణం నేను మళ్లీ చేయలేదు.

మూడో రోజు నీరటి కల్లం. రాశి పెద్దదేం కాదు, ఉపన్యాసం చెప్పేంత అసలే కాదు. మామ గొంతుక్కూర్చుని కుడివైపు ఒక గింజ కొరికాడు. నాలుక మీద దొర్లించాడు. మళ్లీ దొర్లించాడు. తర్వాత ఇంకొక గింజ తీసి నాకిచ్చి, "నువ్వు కొరుకు" అన్నాడు. కొరికాను. నాకేం తెలుస్తుంది, జొన్నలాగే ఉంది. "ఎండింది మామా" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, "అల్లుడు ఎండిందన్నడు. పట్టుండ్రి" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. ఎండిందో లేదో దేవుడికి తెలుసు.

లాభం అన్నప్పుడు ఆయన గొంతు గాలి పోయిన తిత్తిలా వచ్చింది. అయినా మొత్తం ఆయనే కొలిచాడు. ప్రతి ఆరు తర్వాత ఆరున్నొకటి, ఒక్కసారి తప్పలేదు. కింద కొంత మిగలగానే కుంచం బోర్లించి లేచాడు. అప్పుడు నీరటి తబ్బిబ్బయ్యాడు. ఏ కల్లంలోనైనా ఆ పూట చాట పట్టుకుని పక్కకొచ్చి నిలబడటం ఆయన అలవాటు. ఇక్కడ ఆసామీ తానే. చాట పట్టుకుని అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తున్నాడు.

"ఇయ్యాల రెండు దిక్కుల నువ్వే" అన్నాడు మామ. "ఏ దిక్కు నిలబడ్డ పర్వలేదు."

ఊరు నవ్వింది. నేనూ నవ్వాను. ఓడిపోవడం అలవాటైతే కొంచెం సుఖంగా కూడా ఉంటుంది.

డాక్టరు చెప్పినట్టే వానల దాకా ఉన్నాడు. మధ్యలో రెండు నెలలు బాగానే గడిచాయి. నోరు కొంత మానింది, రొట్టెను పచ్చిపులుసులో నానబెట్టుకుని తిన్నాడు, కాస్త పులుపు తగిలిందని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. తర్వాత పుండు తిరగబెట్టింది. ఆ కష్టం రాయను. ఒక మధ్యాహ్నం నేను విసనకర్రతో విసురుతుంటే అడిగాడు. "గా పదహారు గూడ అయిపోతే, ఇయ్యాల తింటుందునా అల్లుడా?"

జోకుల కోసం లోపల చాలా వెతికాను. "తెల్వదు మామా" అన్నాను.

"నాకూ తెల్వదు. కొలువని రాశి గద" అన్నాడు. దవాఖానలో ఆ రోజు నా బుగ్గ మీది గీత తన గీత కన్నా మంచిగా కుదిరిందన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. అది కూడా మా అమ్మ పనితనం.

నీరటి భూమి మరుసటేడు గుమాస్తా గుంజుకున్నాడు. కుంచం మా ఇంట్లో ఉంది, అమ్మ బియ్యం కొలుస్తుంది. అన్న తప్పు చేశాడని అనదు, ఒప్పు చేశాడని అనదు. పదహారు అన్న మాట ఎవరి నోట వచ్చినా లేచి లోపలికి పోతుంది.

మొన్న ఆదివారం కూడా వాకిట్లో కూర్చున్నాను. ఆమె వేలు నా ఎడమ బుగ్గలోకి పోయి, పళ్లను వరసగా ముట్టుకుంటూ పోయింది. ఆమె పెదాలు కదలడం చాలా ఆదివారాలుగా చూస్తున్నాను. ఏదో దేవుడి పేరనుకున్నాను. మొన్న గాలి లేదు, కోళ్లు లేవు, వినపడింది.

"లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొకటి."

ఆమె చూస్తున్నది నా నోరు కాదు. నా నోట్లో అన్నను వెతుకుతున్నది. అది నాకు ముందే తెలుసేమో, కానీ వినడం వేరు. దాని మీద ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆమె వేలుంది.

ఆఖరున ఇంకొక పన్ను ఉంది. ఈ ఏడే మొలుస్తున్నది, చిగురులోంచి సగమే బయటికొచ్చింది. దాన్ని ముట్టుకోకుండా ఆమె వేలు తీసేసి కొంగుకు తుడుచుకుంది.

"ఇంకొకటున్నది గదమ్మా" అన్నాను.

"ఉండనీ" అంది.